సీసా మోసిన చెయ్యి

మా ఇంట్లో దాని పేరు మందు. డాక్టరు చీటీలో మందు, మా వారి నోట మందు, నన్ను చూడవచ్చిన చర్చి సంఘపు అమ్మగార్ల నోట బలం మందు. అది బ్రాందీ. ఆ ఒక్క మాట పైకి అనడానికి నేను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయి రావలసి వచ్చింది.

"నయమైంది కదా, ఇంకా ఎందుకు తవ్వుతావు?" అని నా వాళ్ళే అడుగుతున్నారు. నయమైంది గనకనే తవ్వుతున్నాను. జబ్బులో ఉన్నప్పుడు కలం పట్టుకుంటే కాగితం మీద పీత పాకినట్టుండేది నా రాత. ఇప్పుడు నిలకడగా ఉన్న చేత్తో రాస్తున్నాను. చదివేవాళ్ళలో నాలాంటి ఆడది ఒకతె ఉంటే ఆమె కోసం. మిగతావాళ్ళకు కోపం వస్తే రానివ్వండి. నేను దిగమింగిన కోపం ముందు అది ఏపాటిది?

మొదలైంది ఒక ఐప్పసి నెల వానల్లో. నా రెండో బిడ్డ పుట్టి, ఏడుపైనా వినిపించకుండా పోయింది. నేను మంచం దిగలేకపోయాను. వేలూరులో మమ్మల్ని చూసే డాక్టరు పూటకు రెండు చెంచాల బ్రాందీ నీళ్ళలో కలిపి ఇమ్మని చీటీ రాశాడు. నాకు కాదు, మా వారికి రాసిచ్చాడు. నేను మద్రాసులో కాలేజీ చదివినదాన్ని, మిషను బడిలో పెద్ద తరగతులకు పాఠం చెప్పేదాన్ని. చీటీ చదవగలను. అయినా నా ఒంటి సంగతి నా తల మీదుగా ఆయనకు చెప్పారు.

ఇక్కడ మా వారిని గురించి చెప్పాలి. ఆయన మద్యపాన నిషేధ సభకు కార్యదర్శి. ఒడుగత్తూరు నుంచి నెమిలి దాకా ఆయన ఎక్కని అరుగు లేదు, తిట్టని కల్లుకుండ లేదు. అటువంటి మనిషి తానే మందుల అంగడికి వెళ్ళి, సీసాను పాత పత్రికలో చుట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవారు. నా మీద ప్రేమతోనే తెచ్చారు. కాదనను. కూలివాడు తాగితే పాపం, భార్య తాగితే వైద్యం. ఈ లెక్క ఆయనకు ఎన్నడూ వింతగా తోచలేదు.

రెండు చెంచాలు గ్లాసు అడుగుకు వచ్చాయి, గ్లాసు సగానికి వచ్చాయి. ఒళ్ళు నిలబడ్డాక కూడా సీసా మానలేదు. ఎవరూ ఆపమనలేదు, చీటీలో ఎప్పుడాపాలో రాసి లేదు. పొద్దు వాలేసరికి నా చెవులు వాకిలి తలుపు మీదే ఉండేవి, ఆయన చెప్పుల చప్పుడు కోసం. పెళ్ళైన కొత్తలో కూడా ఆ చప్పుడు కోసం అంతగా ఎదురు చూడలేదు.

ఎండలు ముదిరిన నెలల్లో నా చెయ్యి వణకడం మొదలైంది. బోర్డు మీద గీత గీస్తే అది గీతలా ఉండేది కాదు. పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నా కూతురు కరుణ అదే బడిలో చదివేది. రోజూ నాకంటే ముందు తరగతికి వెళ్ళి పాఠం బోర్డు మీద తానే రాసిపెట్టేది. "అమ్మకు కళ్ళు మంట" అని తోటి పిల్లలకు చెప్పేదట. ఆ పిల్ల చేత అబద్ధం ఆడించినవాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ వరసలో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటాను, కాని వరస చాలా పొడుగు.

నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మా వారు తోడు వచ్చారు. వరండాలో రెండు బల్లలు, ఒకటి మగవాళ్ళకు, ఒకటి మాకు. మా బల్ల మీద ఎండ పడుతుంది. మాసిన బురఖాలో ఒక ముసలావిడ నా చేతులు చూసి, ఏమీ అడగకుండా, తన విసనకర్ర నా ఒళ్ళో పెట్టి, "పట్టుకో తల్లీ, చేతికి పని ఉంటే ఆగుతాది" అంది. ఆ వరండాలో నాకు దొరికిన వైద్యం అదే. లోపల నేను, "ఇది మానాలి, ఎలా మానాలో చెప్పండి" అన్నాను. డాక్టరు నా వెనక నిలబడిన మా వారిని చూసి, "నరాల నీరసం. కొంచెం పెంచండి" అన్నాడు.

పెంచండి!

మానాలనుకుని మంచం మీద ఒక్కదాన్నే పడుకుని చూశాను. రెండో నాడు గోడల మీద చీమలు బారులు కట్టాయి. అక్కడ చీమలు లేవు. కరుణ భయపడి వాళ్ళ నాన్నను పిలిచింది. ఆయన గ్లాసు నా పెదవుల దగ్గర పెట్టారు. నేను తాగాను. చదివేవాళ్ళకు ఒక్క మాట: ఎవరూ ఒంటరిగా మానబోకండి. పక్కన మనిషి లేకుండా, చూసే వైద్యుడు లేకుండా మానబోతే ప్రాణం మీదికి వస్తుంది. నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

తరువాత మా వారి సభకే వెళ్ళాను. మానదలచినవాళ్ళు ముందుకు వచ్చి ప్రమాణం చేయండి అన్నారు. మగవాళ్ళు కొందరు లేచారు. ఆడవాళ్ళ వైపున కూర్చున్నవాళ్ళందరూ వాళ్ళ పెళ్ళాలు, ఏడవడానికి వచ్చినవాళ్ళు. నేను లేచి, "మానదలచిన ఆడవాళ్ళు ఎక్కడ నిలబడాలి?" అని అడిగాను. సభ నవ్వింది, కార్యదర్శి గారి భార్య మగవాళ్ళకు చురక వేసింది అనుకుని. మా వారు నవ్వలేదు. ఇంటికి వచ్చాక, "నా పరువు తీయాలనా?" అన్నారు. ఆ సాయంకాలం కూడా సీసా వచ్చింది, పత్రికలో చుట్టుకుని.

కుప్పమ్మ వచ్చింది పంగుని నెలలో, ఎండలు మొదలయ్యే వేళ. గుడియాత్తంలో మగ్గాల వీధి ఆవిడది. చీరల మూట నెత్తిన పెట్టుకుని వేలూరు ఇళ్ళమ్మట తిరిగేది. మా నడవలో మూట దించి, విప్పబోతూ ఆగింది. గాలి పీల్చింది.

"అమ్మా, తప్పుగా అనుకోబాకు. మీ ఇంటాయన తాగతాడా?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"మా ఇంటాయన ఇదే వాసనతో పోయినాడు. అందుకే నా ముక్కు ఊరుకోదు. మా వీధిలో మానినోళ్ళ కూటం ఒకటుండాది. మునెప్పన్న మగ్గం కొట్టంలో. కల్లంగడి తెరిచే పొద్దుకి అందరూ ఆడ చేరతారు. ఆ గడియ దాటిస్తే చాలు గదా. ఆయప్పని తోడుకోని రా అమ్మా. కొట్టరు, తిట్టరు, దేవుడి మీద ఒట్టు పెట్టమనరు."

నేను అబద్ధమాడలేదు. ఆమె అడిగింది ఆయన్ను గురించి, నేను జవాబు చెప్పలేదు, అంతే. ఒక ఇంట్లో తాగుడు వాసన వస్తే అది మగవాడిదే అయి ఉండాలని నిశ్చయించుకున్నది లోకం, నేను కాదు.

చీరలు కొనాలనే మిషతో కరుణను వెంటబెట్టుకుని వెళ్ళాను. కాట్పాడిలో బండెక్కి, గుడియాత్తం స్టేషనులో దిగి, అక్కణ్ణించి జట్కాలో. వీధి మొగలోనే మగ్గాల చప్పుడు. మునెప్ప అరవై దాటిన మనిషి, బట్టతల, భుజం మీద తువ్వాలు. ఆయన కొట్టంలో మగ్గం గుంట పక్కన చాప మీద పది మంది దాకా మగవాళ్ళు, గోడవార నలుగురైదుగురు ఆడవాళ్ళు. అందరి చేతుల్లోనూ ఏదో ఒక పని, చిక్కు తీయడమో, కండెలు చుట్టడమో. ఊరికే కూర్చున్నవాడు లేడు. నాకూ చిక్కు తీయమని ఒక నూలు చిలప ఒళ్ళో పెట్టారు. విసనకర్ర గుర్తొచ్చింది.

"యాడమ్మా ఆయప్ప?" అన్నాడు మునెప్ప.

"రాలేదు," అన్నాను. ఈ మాటా నిజమే.

"మొదట ఎవురూ రారులే. నన్ను నా పెండ్లాము ముగ్గురు మనుషుల్ని పెట్టి లాక్కొచ్చింది."

"నలుగురు," అంది గోడవార నుంచి ఆయన భార్య. "నువ్వు అప్పుడు బరువుండావు."

వాళ్ళు చెప్పుకున్నవి విన్నాను. ఒకడు మారెమ్మ ముందు ఒట్టు పెట్టి మూడో పూటకు తప్పాడట. ఇంకొకడు చర్చిలో కాగితం మీద వేలిముద్ర వేసి, తిరిగివస్తూ దారిలోనే తాగాడట. ఈ కొట్టంలో ఒట్టు లేదు, వేలిముద్ర లేదు. ఉన్నదల్లా వాళ్ళ వృత్తి నుంచి తీసుకున్న ఒక కట్టుబాటు. నేతవాళ్ళు పడుగును, బట్టకు నిలువుగా వచ్చే నూలును, రెండు కొనలా కర్రలకు కట్టి వీధి పొడవునా సాచి, తెల్లవారకముందే గంజి పట్టిస్తారు. ఎండ ముదిరేలోగా కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఒక ఇంటి మనుషులతో అయ్యే పని కాదు. వీధిలోని ప్రతి ఇంటి నుంచీ చెయ్యి రావాలి. ఒకప్పుడు కర్ర పట్టినవాడు తాగిన మైకంలో వదిలేశాడు. పడుగంతా మట్టిలో పడి, ఒక ఇంటి నెల కూడు పోయింది. ఆ వదిలినవాడు మునెప్పే. కూటం అక్కడ పుట్టింది.

"మా కూటంలో చేరాలంటే ఒకటే," అన్నాడు. "మానినోడు పడుగుకి ఒక కొన పట్టాల. రెండో కొన వాడికి కుండ మోసిన చెయ్యి పట్టాల."

"కుండ మోసిన చెయ్యి అంటే?"

"తాగేది ఒకడైనా అంగడి నుంచి తెచ్చి పెట్టేది ఇంకొకరు గదమ్మా. పెండ్లామో, తమ్ముడో. ఆ చెయ్యి రాకుంటే వీడు మాకు చుట్టమే, కూటం మనిషి కాడు. ఇంట్లో ఆ చెయ్యి ఊరికే ఉంటే మళ్ళా మోస్తాది."

నాకు ఒళ్ళు మండింది. "తన్నులకు భయపడి తెచ్చిన ఆడదాన్ని వీధిలో నిలబెడతారా? తాగింది ఆయన, శిక్ష ఆమెకా?"

మునెప్ప నొచ్చుకున్నాడు. జవాబు కుప్పమ్మ చెప్పింది: "శిక్ష కాదమ్మా. నేను మా ఆయనకి ఎన్ని కుండలు మోసినానో! ఆయన పోయినంక ఈ చెయ్యి చూసుకుంటే అన్నం తినబుద్ధి పుట్టలే. ఎవురన్నా అప్పుడే పిలిచి పడుగు పట్టు అనుంటే..." అని ఆగి, కండె చుట్టడంలో పడింది.

వాదనలో నేను ఓడలేదు. కాని ఒళ్ళోని చిలప చిక్కు మీదికి వంగాను.

వాళ్ళకు నేను నా ఊరు, వీధి చెప్పి వచ్చాను. దాని ఫలితం ఆదివారం నాడు ఆరాధన ముగిసి వచ్చేసరికి మా గేటు దగ్గర నిలబడి ఉంది: మునెప్ప, ఇంకో ఇద్దరు, వెనక కుప్పమ్మ. కోటు గుండీలు విప్పుకుంటూ వస్తున్న మా వారి రెండు చేతులూ మునెప్ప గబుక్కున పట్టుకున్నాడు.

"భయపడొద్దయ్యా. మేమందరమూ తాగినోళ్ళమే."

"ఎవరయ్యా మీరు? వదలండి! నేను మద్యపాన నిషేధ సభ కార్యదర్శిని!"

"మొదట అట్లే అంటారు. నేను గుడి ధర్మకర్తని అన్నాను."

"నేను మేస్త్రీనన్నా," అన్నాడు రెండోవాడు. "కోటేసుకున్నోళ్ళు ఇంకా పెద్దవే చెప్తారు."

మునెప్ప ముక్కు మా వారి మీసాల దాకా తెచ్చి, వెనక్కి తిరిగి, "ఏం వాసనా లేదే! బలే దాస్తాండాడప్పా!" అన్నాడు.

ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచారు. నాకు నవ్వు వచ్చింది. ఎన్నేళ్ళకో వచ్చిన నవ్వు. నవ్వుతూనే మెట్లు దిగి, "ఆయన కాదు, నేను," అన్నాను.

వాళ్ళకు అర్థం కాలేదు. మా వారికి అర్థమైంది. "ఆమెకు ఒంట్లో బాగాలేదు. డాక్టరు మందు వాడుతున్నాం," అన్నారు తొందరగా.

"ఏం మందయ్యా?" అంది కుప్పమ్మ.

"బ్రాందీ," అన్నాను.

మునెప్ప మా వారి చేతులు వదిలేశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆడమనిషా? ఆడమనిషిని యాడ కూర్చోబెట్టేదమ్మా? మాకు అలవాటు లేదే."

చూడండి, ఇక్కడ కూడా! సభలో చోటు లేదు, డాక్టరు దగ్గర జవాబు లేదు, ఇప్పుడు చాప మీద కూడా లేదు. గేటు పట్టుకుని అన్నాను: "మీ కొట్టంలో గోడవార ఆడవాళ్ళు కూర్చున్నారు. మోసినదానికి చోటుంది, తాగినదానికి లేదా? నా గొంతులో దిగితే అది కల్లు కాకుండా పోయిందా?"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? పడుగుకు కర్ర పట్టేటప్పుడు మగచెయ్యా ఆడచెయ్యా అని నూలు అడుగుతుందా?"

"అడగదు," అంది కుప్పమ్మ. "అన్నా, ఈమె నా ఇంట్లో ఉంటాది. చాప నేను తెస్తా. ఇంక పద."

ఆ వారమంతా ఇంట్లో మాటల యుద్ధం. సంఘం ఏమంటుంది, బడివాళ్ళు ఏమంటారు, మగ్గాలవాళ్ళ ఇంట్లో పడుకుంటావా. అన్నిటికీ నేను ఒకటే అడిగాను: "ఇంకో దారి చెప్పండి, పోను." బడికి సెలవులిచ్చాక వెళ్ళిపోయాను.

ఆ ఎండాకాలం గురించి ఎక్కువ రాయను. రాయదగిన సంగతి ఒక్కటే, ఒంటరిగా లేను. కుప్పమ్మ నా పక్కన పడుకునేది. వీధి ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చి కూర్చునేవారు. గంజి తాగించి, కక్కితే తుడిచి, మళ్ళీ తాగించేవారు. ఆ మానడం గుండె మీదికి వస్తుందేమోనని భయపడి ఊళ్ళోని వైద్యుణ్ణి కూడా పిలిచారు. ఆయన నాడి చూసి, నాతోనే మాట్లాడాడు. "రోజురోజుకీ కొంచెం కొంచెంగా తగ్గించుకోండి, ఒక్కసారిగా వద్దు" అన్నాడు. నాతో! అలా తగ్గిస్తూ కొలిచి పోసే సీసా కుప్పమ్మ మూటలో ఉండేది, నా చేతికి అందేది కాదు. నేను ఆమెను తిట్టిన తిట్లు తెలుగులో ఉన్నవన్నీ అయిపోయి అరవంలో పడ్డాను. "చదువుకున్నామె తిట్టినా బాగుండాదే," అనేది.

కాళ్ళు నిలిచాక సాయంకాలాలు కొట్టంలో. నాకు వేరే చాప వేశారు, మగవాళ్ళకు బెత్తెడు దూరంలో. వాళ్ళతోనూ పోట్లాడాను. ఒకడు, "నా పెండ్లాము నోరు తాళలేకనే తాగినా," అన్నాడు. "మా వారి నోరు మంచిదే, నేనూ తాగాను. ఇప్పుడేం చెప్తావు?" అన్నాను. వాడి భార్య గోడవార నుంచి లేచి వచ్చి నా చాప మీద కూర్చుంది. మరునాటికి బెత్తెడు దూరం కూడా పోయింది.

కొలిచి పోసే సీసా ఖాళీ అయింది. తరువాతది తేలేదు. ఎండలు తగ్గి ఆడి నెల వచ్చాక మునెప్ప అన్నాడు: "అమ్మా, నీ కొన నువ్వు పట్టొచ్చు. రెండో కొనకి మోసిన చెయ్యి రావాల."

కరుణ వస్తానంది. "నువ్వు మొయ్యలేదు పాపా," అన్నాడు మునెప్ప. "తప్పు నీ మీదికి తెచ్చుకోబాకు." అదే కట్టుబాటు మీద నేనే మొదట మండిపడ్డాను, ఇప్పుడు దాని ముందు నేనే ఎదురుచూస్తున్నాను. ఆయన రాకపోతే నేను ఆ కూటానికి చుట్టాన్ని. చుట్టం తిరిగి తన ఇంటికి పోవాలి. ఆ ఇంట్లో పొద్దు వాలుతుంది, చెప్పుల చప్పుడు అవుతుంది.

మా వారికి కబురు పెట్టాను. కరుణే వెళ్ళి చెప్పింది. "నేను మోసింది మందు. కల్లు మోసినవాళ్ళ వరసలో నన్ను నిలబెడతారా?" అన్నారట. కరుణ ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల. "నాన్నా, మందైతే పత్రికలో ఎందుకు చుట్టారు?" అని అడిగిందట.

నేను ఆశ పెట్టుకోలేదు. ఆ వేకువ పడుగు సాచారు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా, తెల్లగా. గంజి వాసన. నాకు ఈ చివర కర్ర ఇచ్చారు. ఆ చివర ఎవరో చీకట్లో అటూ ఇటూ కదులుతున్నారు. "పట్టేవోళ్ళు లేకుంటే ఇంకొకరికి ఇద్దాం, నూలు ఆగదు," అంటున్నాడు మునెప్ప. ఇంతలో జట్కా ఆగిన చప్పుడు. ఆ నడక నాకు తెలుసు. ఏళ్ళ తరబడి దాని కోసమే చెవులు పెట్టుకున్నాను.

పడుతున్న వెలుగులో చూశాను, కోటు లేదు. పంచె పైకి కట్టుకుని ఉన్నారు. కర్ర పట్టుకోవడం కూడా రాలేదు, ఎవరో సరిచేశారు. పక్కనున్నవాడు మామూలుగా పలకరించాడు, మగవాణ్ణి పలకరించినట్టే: "నువ్వు మాని ఎన్నాళ్ళప్పా?"

కుంచెలు నూలు మీద దువ్వుకుంటూ పోతున్నాయి.

"నేను తాగలేదు," అన్నారు మా వారు. గొంతు అరుగుల మీద మోగే గొంతు కాదు, అయినా ఇక్కడి దాకా వచ్చింది. "తాగింది మా ఆవిడ. బ్రాందీ. నేను మోసినవాణ్ణి."

"అయ్యా, కర్ర దించబాకు!" అని అరిచింది కుప్పమ్మ. "పైకి, ఇంకా పైకి!"

ఆయన ఎత్తారు. గంజి ఆరేదాకా నిలబడ్డాం, మధ్య వీధంత నూలు. క్షమించానా అంటే, అది నాకూ ఆయనకూ సంబంధించిన సంగతి, ఇంకా తేలలేదు. డాక్టరును మాత్రం క్షమించలేదు. కాని ఆ పొద్దున పడుగులో నుంచి సన్నగా ఒక వణుకు నా దాకా వచ్చింది. నా చేతులు చూసుకున్నాను. అవి నిలకడగానే ఉన్నాయి. వణుకు ఆ కొన నుంచి వస్తోంది.